డబ్లిన్‌లో మావాడికి ఓటుంది, మరి శ్రీసిటీలో విదేశీయులకు ఉండాలా?

బైరాగిపట్టెడ నాయుడు:
అందరికీ నమస్కారం. మాది తిరుపతి. మా అబ్బాయి డబ్లిన్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాడు, పాస్‌పోర్టు మనదే. 2024 జూన్‌లో అక్కడ కౌన్సిల్ ఎన్నికలు జరిగితే ఓటేసి వచ్చానన్నాడు. నేను మొదట నమ్మలేదు. ఐర్లాండ్‌లో స్థానిక ఎన్నికలకు పౌరసత్వంతో పనిలేదట, అక్కడ నివాసం ఉంటే చాలట. మన పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికల్లోలాగే పేర్ల పక్కన 1, 2, 3 అని వేయాలట. ఈ సంగతి మార్నింగ్ వాక్‌లో చెప్తే పెద్ద గొడవే అయింది. నా సందేహాలు రెండు. అక్కడ ఓటేస్తే ఇక్కడ ఓటు పోతుందా? మన శ్రీసిటీ పారిశ్రామికవాడలో ఏళ్ల తరబడి పనిచేసే జపాన్, కొరియా వాళ్లకు కూడా పంచాయతీ ఓటు ఇవ్వాలంటారా?

పుత్తూరు కుర్రోడు:
వద్దు సార్. పోలింగ్ ముందు రోజు రాత్రి మన వీధుల్లో ఏం జరుగుతుందో మీకు తెలీదా? ఉన్న ఓట్లతోనే వేగలేకపోతున్నాం.

చంద్రగిరి మాస్టారు:
మొదటి సందేహానికి టెన్షన్ అక్కర్లేదు. అక్కడ కౌన్సిల్‌కు ఓటేసినంత మాత్రాన ఇక్కడేమీ పోదు. విదేశాల్లో ఉంటున్న మన పౌరులు ఓటరుగా నమోదయ్యేలా 2010లో చట్టం సవరించారు. ఫారం 6ఏ పెట్టుకోవాలి. పాస్‌పోర్టులో ఉన్న చిరునామా ఏ నియోజకవర్గమో అక్కడే పేరు ఎక్కుతుంది. ఓటేయాలంటే మాత్రం విమానమెక్కి రావాల్సిందే. రేపు ఐరిష్ పౌరసత్వం తీసుకుంటే మన పౌరసత్వం పోతుంది, దాంతోపాటే ఓటూ పోతుంది. విదేశీ పౌరసత్వం తీసుకున్న మనవాళ్లకిచ్చే ఓసీఐ కార్డు ఉన్నా ఓటు రాదు.

ఇక రెండోది. నేను సర్వీసులో ఉండగా బీఎల్వోగా, అంటే ఓటర్ల జాబితా చూసే బూత్ స్థాయి అధికారిగా, ఇల్లిల్లూ తిరిగినవాణ్ణి. మన దగ్గర అసెంబ్లీ ఓటర్ల జాబితానే వార్డులవారీగా విడగొట్టి పంచాయతీకి వాడతారు. పౌరుడు కానివాడి పేరు ఆ జాబితాలో ఉండకూడదని 1950 ప్రజాప్రాతినిధ్య చట్టం 16వ సెక్షన్ చెబుతోంది. అంటే సర్పంచికి ఓటేసేవాడు ఎమ్మెల్యేకూ ఓటేసేవాడే. ఐర్లాండ్ జాబితాలో స్థానిక ఎన్నికలకు మాత్రమే అర్హులైనవాళ్ల పేరు దగ్గర ‘ఎల్’ అని గుర్తు ఉంటుంది. మీ అబ్బాయి పేరుకీ అదే ఉంటుంది. అక్కడి పార్లమెంటుకు అతను ఓటేయలేడు. మనం ఇవ్వాలనుకుంటే ముందు జాబితా పద్ధతే మార్చుకోవాలి.

స్వీడన్ 1976 నుంచీ విదేశీయులకు మునిసిపల్ ఓటు ఇస్తోంది. యూరోపియన్ యూనియన్, నార్డిక్ దేశాల వాళ్లు కాకపోతే మూడేళ్ల నివాసం ఉండాలి. జర్మనీలో రెండు రాష్ట్రాలు ఇలాంటి చట్టాలే చేస్తే, ఓటుహక్కు జర్మన్ ప్రజలదేనని 1990లో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం కొట్టేసింది. న్యూయార్క్ నగరం 2021లో తెచ్చిన చట్టమూ కోర్టుల్లో నిలవలేదు.

నన్నడిగితే, ఒకే ఊళ్లో ఐదేళ్లు ఉన్నవాడికి పంచాయతీ ఓటు ఇవ్వొచ్చు. కుళాయి నీళ్లకు, మురుగు కాలువకు, వీధిలైటుకు పాస్‌పోర్టుతో ఏం పని? సర్పంచేమీ యుద్ధాలు ప్రకటించడు కదా. అయితే ఆ ఐదేళ్ల షరతు మాత్రం గట్టిగా ఉండాలి. మన వార్డుల్లో పదీ పరక ఓట్ల తేడాతో గెలుస్తుంటారు. షరతు లేకపోతే ఒక కంపెనీ గెస్ట్‌హౌస్ చాలు, ఫలితం తారుమారు కావడానికి.

సత్యవేడు సుజాత:
మాస్టారూ, నేను చూసిన జపాన్ వాళ్లలో చాలామంది చెన్నైలో కాపురముండి రోజూ కారులో వచ్చిపోతారు. మీరు ఓటిచ్చినా తీసుకోవడానికి ఊళ్లో ఉండరు. మా మేడమీద అద్దెకుండేది ఒడిశా, బీహార్ పిల్లలు. ఈ దేశం వాళ్లే, ఓటు మాత్రం సొంతూళ్లో ఉంది. నీళ్లు రాకపోతే నా తలుపు కొడతారు, వార్డు మెంబరు దగ్గరికి పోరు. ఆయనా వాళ్ల ముఖం చూడడు, ఓటు లేదుగా! ఫారం 8 పెట్టి ఓటు ఇక్కడికి మార్చుకోండిరా అంటే, అక్కడ పేరు తీసేస్తే రేషన్ కూడా పోతుందేమోనని భయం. ముందు వీళ్ల సంగతి చూడండి, తర్వాత కొరియా వాళ్ల దగ్గరికి పోదాం.

పుత్తూరు కుర్రోడు:
అక్క చెప్పింది పాయింటే. మా చిన్నాన్న నేను పుట్టకముందు నుంచి కువైట్‌లో డ్రైవరు. ఆయనకు అక్కడ ఏ ఓటూ లేదు, ఇక్కడికి ఓటేయడానికి రావాలంటే సెలవు దొరకదు, టికెట్ డబ్బులూ దండగ. ఆయన లాంటివాళ్లు మన జిల్లాలో ఎంతమందో! డబ్లిన్ కథ వాళ్లకు వర్తించదు సార్.

చంద్రగిరి మాస్టారు:
సుజాతమ్మా, రేషన్ కార్డుకూ ఓటుకూ సంబంధం లేదని ఆ పిల్లలకు గట్టిగా చెప్పు. కువైట్ విషయంలో నువ్వన్నది నిజమే నాయనా. అయినా, అక్కడ ఇవ్వలేదు కాబట్టి ఇక్కడా ఇవ్వకూడదనడం నాకు నచ్చదు.

బైరాగిపట్టెడ నాయుడు:
మాస్టారూ, మావాడి పాత ఓటరు కార్డు మా బీరువాలోనే ఉంది. 6ఏ ఆన్‌లైన్‌లో పెడితే దాన్నేం చేయాలి?

చంద్రగిరి మాస్టారు:
అది వెనక్కి ఇచ్చేయాలి. 6ఏతో పాటు పాస్‌పోర్టు పేజీలు, వీసా ఉన్న పేజీ కూడా జతచేయమనండి.