‘లా త్రావెర్సే ద పారీ’లో ఆ స్టేషన్ సీన్ ఉండాలా, తీసేయాలా?

నల్లబజారు నాని:
1956 నాటి ఈ ఫ్రెంచ్ సినిమా గురించి మనవాళ్లెవరూ మాట్లాడగా వినలేదు. 1943, జర్మన్ల చేతిలో ఉన్న పారిస్. పని పోయిన టాక్సీ డ్రైవర్ మార్తాఁ (బూర్విల్), అప్పుడే పరిచయమైన గ్రాంజిల్ (జాఁ గబేఁ) కలిసి, దొంగచాటుగా కోసిన పందిని నాలుగు సూట్‌కేసుల్లో కుక్కి, కర్ఫ్యూ రాత్రి నడుచుకుంటూ ఊరు దాటించాలి. పంది అరుపు బయటికి వినబడకుండా మార్తాఁ అకార్డియన్ వాయిస్తాడు చూడండి, నవ్వలేక చచ్చాను. దారిలో వాసనకి కుక్కలు వెంటపడటం ఒకటి!

చివర్లో ఇద్దరూ దొరికిపోతారు. పేరున్న చిత్రకారుడని గుర్తుపట్టి గ్రాంజిల్‌ని జర్మన్ ఆఫీసరు కాపాడతాడు. మార్తాఁని లారీలో తీసుకుపోతారు. అక్కడ ఆపేయాల్సింది. యుద్ధం అయ్యాక ఇద్దర్నీ స్టేషన్లో కలపడం దేనికి? ప్రేక్షకుణ్ణి బుజ్జగించడానికి కాకపోతే?

మాలతి_కె:
బుజ్జగింపా? గ్రాంజిల్ దర్జాగా రైలెక్కుతుంటే అతని సామాను మోసే కూలీ మార్తాఁ! ఇంకా పెట్టెలేనా అంటే, అవును, వేరేవాళ్లవి అంటాడు. లారీ దగ్గర ఆపితే తప్పంతా జర్మన్ల మీదకి పోయేది. వాళ్లు వెళ్లిపోయాక కూడా మార్తాఁ బతుకు మారలేదని చెప్పేది ఈ సీనే.

పాతరీలు:
మార్సెల్ ఏమే రాసిన అసలు కథలో మార్తాఁ గ్రాంజిల్‌ని చంపేస్తాడు. నాకైతే అదే న్యాయం. సినిమాలో గ్రాంజిల్ సెల్లార్‌లో సరుకు యజమాని పేరు ‘జాంబియే! జాంబియే!’ అని గొంతు చించుకుని అరుస్తూ కూలి రేటు పెంచుతాడు చూడండి. వీధిలో వినబడితే కొంప కొల్లేరే. పాపం జాంబియే (లూయీ ద ఫునెస్), వణుకుతూ డబ్బు తీస్తాడు. తీరా గ్రాంజిల్‌కి ఆ డబ్బు అక్కర్లేదు, ఎంతవరకు లాగొచ్చో చూద్దామని సరదా! పట్టుబడితే మార్తాఁ గతేంటి? ఇతన్ని హీరో అనేవాళ్లకి దణ్ణం.

నల్లబజారు నాని:
హీరో అని నేనెక్కడన్నాను అన్నా? మాలతి గారూ, మీరు చెప్పిన అర్థం లారీలో బూర్విల్ ముఖంలోనే ఉంది. ఊరికే ఇచ్చారా వెనిస్‌లో ఉత్తమ నటుడి అవార్డు! మళ్లీ కూలీ వేషం వేసి విడమరచాలా?

మాలతి_కె:
లారీ ఎక్కినవాడు అమరుడైపోతాడండీ. అమరుడి మీద జాలిపడి ఇంటికి పోవచ్చు. కూలీకైతే టిప్పు ఇవ్వాలి.