ఉద్యోగుల చూపు తనిఖీ: పెట్టె యంత్రమా, గోడ చార్టా?

వృత్తి ఆరోగ్య నర్సు (చర్చ ప్రారంభం)
మా సంస్థలో సుమారు 800 మంది పనిచేస్తున్నారు. వారిలో ఫోర్క్‌లిఫ్ట్ నడిపేవారు, రంగు తీగలు కలిపే ఎలక్ట్రీషియన్లు, సన్నని విడిభాగాలను పరిశీలించేవారు, రోజంతా కంప్యూటర్ ముందు కూర్చునేవారు ఉన్నారు. ఇంతకాలం గోడకు తగిలించిన స్నెల్లెన్ చార్టుతోనే (కిందికి పోయేకొద్దీ అక్షరాలు చిన్నవయ్యే పటం) ఏటా చూపు తనిఖీ చేస్తూ వచ్చాం. ఇప్పుడు కళ్లు ఆనించి చూసే పెట్టె యంత్రం ఒకటి కొని, అందరికీ అదొక్కటే వాడాలని యాజమాన్యం ప్రతిపాదిస్తోంది. దూరపు చూపు, దగ్గరి చూపు, రంగుల గుర్తింపు, లోతు అంచనా అన్నీ ఒకే విడతలో కొద్ది నిమిషాల్లో తేలిపోతాయన్నది వారి వాదన. నాకు సందేహాలు ఉన్నాయి గానీ, వాటిని సూటిగా చెప్పలేకపోతున్నాను.

భద్రతాధికారి
నేను యంత్రం వైపే మొగ్గుతాను. ఆరు మీటర్లు ఉండవలసిన దూరం బీరువా అడ్డం వచ్చి నాలుగున్నరకు తగ్గడం, చార్టు మీద వెలుతురు ఒక పక్కనే పడడం, వరుసలో నిలబడినవారు ముందువారు చదివేది విని అక్షరాలు బట్టీ పట్టడం, మూసిన కంటితో వేళ్ల సందుల్లోంచి చూడడం – ఇవన్నీ నేను కళ్లారా చూసినవే. యంత్రంలో దూరమూ వెలుతురూ మారవు, పరీక్షించే మనిషి మారినా ఫలితం పెద్దగా మారదు.

ఆప్టోమెట్రిస్టు
మీరు చెప్పినవి చార్టును వాడే తీరులోని లోపాలు. చార్టులోనే ఉన్న లోపం వేరు. స్నెల్లెన్ 1862లో ప్రచురించిన అమరికలో పై వరుసలో ఒకే అక్షరం, కిందికి పోయేకొద్దీ ఎక్కువ అక్షరాలు ఉంటాయి. వరుసకూ వరుసకూ పరిమాణం తగ్గే నిష్పత్తి కూడా ఒకేలా ఉండదు. అందువల్ల నిరుటి ఫలితాన్ని ఈ ఏటి ఫలితంతో పోల్చి చూపు ఎంత తగ్గిందో కచ్చితంగా చెప్పడం కష్టం. 1976లో బెయిలీ, లవీ రూపొందించిన లాగ్‌మార్ చార్టులో ప్రతి వరుసలోనూ ఐదే అక్షరాలు ఉంటాయి, వరుసకు 0.1, అక్షరానికి 0.02 చొప్పున లెక్క కట్టవచ్చు. మూడు, నాలుగు మీటర్ల దూరానికి తయారైనవీ దొరుకుతాయి కనుక బీరువాను కదిలించే పని ఉండదు.

ఇక యంత్రం సంగతి. కటకాల సాయంతో అది దూరాన్ని అనుకరిస్తుంది, నిజమే. కానీ ముఖం ముందు పెట్టె ఉందని మనసుకు తెలుసు కనుక, ముఖ్యంగా చిన్న వయసువారిలో, కన్ను దగ్గరి వస్తువును చూస్తున్నట్టు బిగుసుకుంటుంది. ఆరు మీటర్ల వద్ద చివరి వరుసలు తడుముకోకుండా చదివేవారు పెట్టెలో తప్పడానికి ఇదొక కారణం. ప్రోగ్రెసివ్ అద్దాలు (పై భాగం దూరానికి, కింది భాగం దగ్గరికి పనికొచ్చేవి) వాడేవారి ఇబ్బంది ఇంకోటి: దగ్గరి బొమ్మను అద్దం కింది భాగం గుండా చూడవలసి ఉండగా, యంత్రం ముందు తల ఆ కోణంలో నిలవదు. చత్వారం వచ్చిన ఉద్యోగి దగ్గరి చూపు నిజానికి ఎలా ఉందో అక్కడ తెలియదు.

కర్మాగార వైద్యుడు
ఒక లెక్క వేసి చూద్దాం. మీ 800 మందిలో 40 మందికి నిజంగా చూపు లోపం ఉందనుకుందాం. లోపం ఉన్నవారిలో 90 శాతాన్ని పట్టుకునే, లోపం లేనివారిలో 90 శాతాన్ని సరిగా వదిలిపెట్టే పరీక్ష 36 మందిని పట్టుకుంటుంది, నలుగురిని వదిలేస్తుంది, ఏ లోపమూ లేని 76 మందిని కూడా విఫలులుగా చూపిస్తుంది. అంటే కంటి వైద్యుడి దగ్గరకు పంపిన 112 మందిలో మూడింట రెండు వంతుల మంది ఊరికే వెళ్లివస్తారు. యంత్రం వద్దని నేను అనను. దానిలో తప్పినవారిని వెంటనే, అదే గదిలో, రోజూ పెట్టుకునే కళ్లజోడుతో, ఒక్కో కన్ను విడిగా, చార్టు మీద మళ్లీ చూడాలి. ఆ తర్వాతే బయటికి పంపాలి.

భద్రతాధికారి
అంటే యంత్రం కొన్నాక కూడా గోడ చార్టు ఉండాల్సిందే! షిఫ్టు మధ్యలో మనిషిని ఆపడం ఎంత కష్టమో ఆ లెక్కలో చేరలేదు డాక్టరు గారూ.

కర్మాగార వైద్యుడు
చేరింది. తప్పినవారికే కొన్ని నిమిషాలు అదనం. 76 మందికి ఒక్కో పూట సెలవు కంటే అది తక్కువే.

కార్మిక ప్రతినిధి
పద్ధతి ఏదైనా నాకు పేచీ లేదు, ఫలితాన్ని దేనికి వాడతారన్నదే నా ప్రశ్న. రంగు చుక్కల మధ్య అంకె దాచిన ఇషిహారా పలకల్లో ఆ అంకె కనిపించలేదన్న ఒక్క కారణంతో, ఏళ్ల తరబడి తప్పు లేకుండా తీగలు కలుపుతున్న మనిషిని పని మార్చమనడం న్యాయమేనా? ఫలితాల కాగితం పర్యవేక్షకుడి బల్ల మీదికి ఎందుకు వెళ్లాలి?

ఆప్టోమెట్రిస్టు
రెండో మాటతో పూర్తిగా ఏకీభవిస్తాను. పర్యవేక్షకుడికి తెలియవలసింది ఆ పనికి తగునా, కళ్లజోడుతో తగునా అన్నంతవరకే. మొదటిదానికి కాస్త వివరం కావాలి. 1917లో వెలువడిన ఇషిహారా పలకలు ఎరుపు–ఆకుపచ్చ లోపాన్ని పట్టుకోవడంలో దిట్టలే, కానీ ఆ లోపం ఎంత తీవ్రమో చెప్పవు, నీలం–పసుపు లోపాన్ని పట్టుకోవు. పగటి వెలుతురు వంటి దీపం కింద, 75 సెంటీమీటర్ల దూరంలో, పలకకు మూడు సెకన్ల లోపు సమాధానం రావాలి. ఫోన్ తెరమీద చూపించేవాటికి ఆ విలువ లేదు. తప్పినవారికి రంగు బిళ్లలను వరుసగా పేర్చే ఫార్న్స్‌వర్త్ డి–15 పరీక్ష పెడితే స్వల్ప లోపం, తీవ్ర లోపం విడిపోతాయి. ఆపైన, వారు రోజూ వాడే తీగలనే, వారు పనిచేసే వెలుతురులోనే వేరుచేయమనాలి. వృత్తి కోసం రంగుల పరీక్ష మొదలైన తీరు కూడా దాదాపు ఇలాంటిదే: స్వీడన్‌లోని లాగర్‌లుండా వద్ద 1875లో రైళ్లు ఢీకొన్నాక స్వీడన్ శరీరధర్మ శాస్త్రవేత్త హోల్మ్‌గ్రెన్ రైల్వే ఉద్యోగుల చేత ఉన్ని నూలు చుట్టలు వేరుచేయించాడు. (ఆ ప్రమాదానికి వర్ణాంధత్వమే కారణమా అన్నది తర్వాత వివాదంలో పడింది, అది వేరే సంగతి.)

ఫోర్క్‌లిఫ్ట్ నడిపేవారి విషయంలో మాత్రం యంత్రమూ చార్టూ రెండూ చాలవు. కంటి శుక్లం మొదలైన వ్యక్తి వెలుతురులో నల్లటి అక్షరాలు చివరి వరుస దాకా చదివి, మసక గోదాములో బూడిదరంగు స్తంభాన్ని గుర్తించలేకపోవచ్చు. దానికి ఒకే పరిమాణపు అక్షరాలు క్రమంగా వెలిసిపోయే పెల్లి–రాబ్సన్ చార్టు ఉపయోగపడుతుంది. పక్కచూపుకు చాలా యంత్రాల్లో ఉన్నది అడ్డంగా కొన్ని చోట్ల వెలిగే చిన్న దీపాలే.

వృత్తి ఆరోగ్య నర్సు
యంత్రం కొనుగోలును ఆపమని అడగను. దానిని తొలి వడపోతగా ఉంచి, పక్కనే నాలుగు మీటర్ల లాగ్‌మార్ చార్టు పెట్టించమని, ఎలక్ట్రీషియన్లకూ ఫోర్క్‌లిఫ్ట్ వారికీ విడి పరీక్షలు రాయించమని కోరతాను. కంప్యూటర్ వారికి దగ్గరి చూపును ఎంత దూరంలో చూడాలి? మా కార్డు మీద 40 సెంటీమీటర్లని ఉంది.

ఆప్టోమెట్రిస్టు
ఆ దూరం పుస్తకానికి సరిపోతుంది. తెర అంతకంటే దూరంగా ఉంటుంది. టేపు పట్టుకుని వారి కుర్చీల దగ్గరికి వెళ్లండి, కంటినుంచి తెరదాకా కొలిచిన దూరంలోనే కార్డు పట్టండి. అక్షరాల పరిమాణం ఆ దూరానికి లెక్కకట్టినదై ఉండాలి.