స్ట్రెస్ వల్ల పీరియడ్స్ ఆలస్యం: ఎంత వరకు మామూలు, ఏ పరీక్ష ఎప్పుడు?

మల్లెతీగ:
టెన్షన్ వల్ల డేట్ వెనక్కి జరుగుతుందని అందరూ అంటారు. అసలు లోపల ఏం జరుగుతుంది, ఎన్ని రోజుల వరకు ఆగొచ్చు, పరీక్షలు ఏ రోజున చేయించాలి? తెలిసినవాళ్లు వివరంగా రాయండి. "ప్రశాంతంగా ఉండు" లాంటి సలహాలు వద్దు బాబోయ్.

ఓపీ_సిస్టర్:
ముందు లెక్క సరిచూసుకోండి. ప్యాడ్ అవసరమయ్యేంత బ్లీడింగ్ మొదలైన రోజే 1వ రోజు. అంతకుముందు కనిపించే చుక్కలు లెక్కలోకి రావు. మళ్లీ బ్లీడింగ్ మొదలయ్యే ముందురోజుతో ఆ సైకిల్ పూర్తి. పెద్దవాళ్లలో 24 నుంచి 38 రోజుల మధ్య ఎంతున్నా మామూలే. ఒకసారి 27, ఇంకోసారి 33 వచ్చినంత మాత్రాన ఇర్రెగ్యులర్ అనరు. అతి చిన్న సైకిల్‌కీ అతి పెద్దదానికీ మధ్య తేడా 7–9 రోజులు దాటుతుంటే ఆలోచించాలి. పీరియడ్స్ కొత్తగా మొదలైన పిల్లల్లో మొదటి మూడేళ్లలో 45 రోజుల వరకూ పోవచ్చు.

నీలిమేఘం:
స్ట్రెస్ దెబ్బ పడేది అండం విడుదల మీద. సైకిల్ మొదటి సగంలో మెదడులోని హైపోథాలమస్ సుమారు 60–90 నిమిషాలకోసారి జీఎన్‌ఆర్‌హెచ్ అనే హార్మోన్‌ను వదులుతుంటుంది. ఒత్తిడిలో సీఆర్‌హెచ్, కార్టిసాల్ అనే స్ట్రెస్ హార్మోన్లు పెరిగితే ఆ వేగం తగ్గుతుంది. దాంతో మెదడు కింద ఉండే పిట్యుటరీ గ్రంథి నుంచి ఎల్‌హెచ్ (అండాన్ని విడుదల చేయించే హార్మోన్) చాలినంత రాక, అండం ఎదగడం ఆలస్యమవుతుంది. అండం విడుదలయ్యాక పీరియడ్ రావడానికి పట్టే సమయం మాత్రం పెద్దగా మారదు, ఎక్కువమందిలో 12–14 రోజులు.

ఉదాహరణకి 28 రోజుల సైకిల్‌లో 8వ రోజున ఒత్తిడి మొదలై, 14న విడుదల కావాల్సిన అండం 24న విడుదలైతే, పీరియడ్ 38 రోజుల తర్వాత గానీ రాదు. అదే ఒత్తిడి 20వ రోజున వస్తే ఆసారి డేట్ దాదాపు కదలదు. అందుకే ఆలస్యానికి కారణం వెతికేటప్పుడు పోయిన వారాన్ని కాదు, అంతకు రెండు మూడు వారాల ముందు ఏం జరిగిందో చూడాలి. జ్వరం, దూరప్రయాణం, నైట్ షిఫ్టులు, నిద్ర చెడటం కూడా ఇదే దారిలో దెబ్బ తీయొచ్చు.

మల్లెతీగ:
అండం విడుదలైందో లేదో ఇంట్లో తెలుస్తుందా?

నీలిమేఘం:
నిద్ర లేవగానే, మంచం దిగకముందే, రెండు దశాంశ స్థానాలు చూపే థర్మామీటర్‌తో రోజూ ఒకే సమయానికి టెంపరేచర్ చూడండి. విడుదల తర్వాత 0.2–0.5 డిగ్రీల సెల్సియస్ పెరిగి, వరుసగా మూడు రోజులైనా అక్కడే నిలవాలి. నిద్ర ముక్కలైన రోజు రీడింగ్‌ని నమ్మొద్దు. యూరిన్‌లో ఎల్‌హెచ్ పెరిగిందా అని చూసే స్ట్రిప్ ఒక్కదాని మీదే ఆధారపడొద్దు. ఒత్తిడిలో ఎల్‌హెచ్ పెరిగి కూడా అండం విడుదల కాకపోవచ్చు. పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో అండం సరిగ్గా విడుదల కాని సమస్య) ఉన్నవాళ్లకి అసలు సమయం కాకపోయినా పాజిటివ్ చూపించొచ్చు.

పరుగులమ్మ:
తిండి సంగతి ఎవరూ ఎత్తలేదు. డైటింగ్, భారీ వ్యాయామం, ఒత్తిడి మూడూ కలిసినప్పుడే సైకిల్ పూర్తిగా ఆగిపోవడం ఎక్కువ. లెక్క ఇలా వేయండి. బరువు 56 కిలోలు, అందులో కొవ్వు 25 శాతం అయితే కొవ్వు పోను 42 కిలోలు. కిలోకి 30 కేలరీల చొప్పున 1260. వ్యాయామానికి 400 ఖర్చయితే తినాల్సింది కనీసం 1660. దానికంటే తగ్గితే ఎల్‌హెచ్ లయ చెడే ప్రమాదం పెరుగుతుంది. సాఫీగా సాగాలంటే కిలోకి 45 దగ్గర ఉంచాలి, అంటే 1890, ప్లస్ ఆ 400. ఇది గీత గీసినట్టు అందరికీ ఒకేలా వర్తించదు, అంచనాకి పనికొస్తుంది. బరువు తగ్గట్లేదు కాబట్టి సరిపడా తింటున్నట్టే అనుకోవద్దు. శరీరం ఖర్చు తగ్గించుకుని బరువుని నిలబెడుతుంది.

ఓపీ_సిస్టర్:
దీనికి పూర్తి ఎదురు పీసీఓఎస్‌లో, అదీ బరువు ఎక్కువున్నవాళ్లలో. అక్కడ బరువు 5–10 శాతం తగ్గినా చాలామందిలో అండం విడుదల మళ్లీ మొదలవుతుంది. 80 కిలోలకి 4 నుంచి 8 కిలోలు. తక్కువ తినడం వల్ల సైకిల్ ఆగినవాళ్లు ఈ సలహా పాటిస్తే ఇంకా చెడుతుంది. స్కానింగ్‌లో అండాశయాల్లో ఎక్కువ ఫాలికిల్స్ (అండాలు పెరిగే చిన్న సంచులు) కనిపించాయని ఒక్క దానితో పీసీఓఎస్ ముద్ర వేసుకోవద్దు. ఒత్తిడి, తక్కువ తిండి వల్ల హైపోథాలమస్ నెమ్మదించినవాళ్లలోనూ అలా కనిపిస్తుంది.

శాంపిల్_ట్యూబ్:
పరీక్షల గురించి. మొట్టమొదట ప్రెగ్నెన్సీ టెస్ట్, ఉదయం మొదటి యూరిన్‌తో. నెగటివ్ వచ్చి, పీరియడ్ రాకపోతే వారం తర్వాత మళ్లీ. ఆ తర్వాత టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), ప్రొలాక్టిన్ (పాలు పట్టించే హార్మోన్). పీరియడ్స్ వస్తుంటే ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్, ఎస్ట్రడయాల్ అనే హార్మోన్ల పరీక్షలకి సైకిల్ 2వ రోజు నుంచి 4వ రోజు లోపు రక్తం ఇవ్వాలి.

ఎక్కువగా తప్పు జరిగేది ప్రొజెస్టిరాన్ (అండం విడుదలయ్యాక పెరిగే హార్మోన్) దగ్గర. "21వ రోజు" అన్నది 28 రోజుల సైకిల్‌కే. 35 రోజులైతే 28వ రోజున, అంటే రావాల్సిన డేట్‌కి వారం ముందు ఇవ్వాలి. 3 ఎన్‌జీ/ఎంఎల్ దాటితే అండం విడుదలైనట్టే.

ప్రొలాక్టిన్ సూది భయానికే పెరుగుతుంది. నిద్ర లేచిన వెంటనే ఇవ్వకుండా, ల్యాబ్‌కి వెళ్లి ఓ 20 నిమిషాలు కూర్చున్నాక ఇవ్వండి. కాస్త ఎక్కువొస్తే మళ్లీ చేయించాకే మందు మాట. వాంతులు తగ్గడానికి వాడే డోంపెరిడోన్, మెటోక్లోప్రమైడ్, మానసిక సమస్యలకిచ్చే రిస్పెరిడోన్ కూడా దీన్ని పెంచుతాయి. రిస్పెరిడోన్‌ని సొంతంగా ఆపొద్దు, డాక్టర్‌కి చెప్పండి. జుట్టు కోసం బయోటిన్ (ఒక బి విటమిన్) వాడుతుంటే కనీసం రెండు రోజుల ముందు ఆపండి, థైరాయిడ్ రిపోర్టు తారుమారవుతుంది.

వానకోయిల:
ఎమర్జెన్సీ పిల్ వేసుకున్న నెలలో వారం అటూ ఇటూ కావడం మామూలే, దాన్ని స్ట్రెస్ ఖాతాలో వేయకండి.

ఓపీ_సిస్టర్:
డాక్టర్ దగ్గరికి ఎప్పుడంటే: ఎప్పుడూ సరిగ్గా వచ్చే పీరియడ్ మూడు నెలలు రాకపోతే, 21 రోజుల లోపే వస్తుంటే, బ్లీడింగ్ 8 రోజులు దాటితే, పాల లాంటి ద్రవం చనుమొనల నుంచి వస్తుంటే. గంటకో ప్యాడ్ చొప్పున రెండు గంటలు తడిస్తే మాత్రం అదే రోజు వెళ్లాలి.

మల్లెతీగ:
జీవనశైలి సరిచేసుకున్నాక ఎన్నాళ్లకి దారిలో పడుతుంది?

పరుగులమ్మ:
ఒక సైకిల్ మాత్రమే వెనక్కి జరిగి ఉంటే చాలాసార్లు తర్వాతిది సర్దుకుంటుంది. పూర్తిగా ఆగిపోయినవాళ్లకి నెలలు పడుతుంది. ఒక హెచ్చరిక: ముందు అండం విడుదలవుతుంది, రెండు వారాల తర్వాతే పీరియడ్ కనిపిస్తుంది. గర్భం వద్దనుకునేవాళ్లు పీరియడ్ వచ్చాక చూద్దాంలే అని ఆగకుండా ఇప్పటినుంచే జాగ్రత్త తీసుకోవాలి.