బుర్రకథ కళాకారుని కాగితాలు, క్యాసెట్లు: ఎలా కాపాడాలి, ఎవరికి అప్పగించాలి?

ప్రశ్న (తెనాలి నుంచి)

అందరికీ నమస్కారం. మా తాతగారు తెనాలి, రేపల్లె ప్రాంతాల్లో దాదాపు నాలుగు దశాబ్దాలపాటు బుర్రకథ చెప్పారు. ఆయన కాలం చేసిన తరువాత ఆయన ట్రంకుపెట్టె మా ఇంటికి చేరింది. అందులో ఆయన స్వహస్తంతో రాసుకున్న కథల నోటుపుస్తకాలు, ప్రదర్శనల కరపత్రాలు, ఊరి పెద్దలు కథకు పిలుస్తూ రాసిన ఉత్తరాలు, ఆకాశవాణి ఒప్పంద పత్రాలు, కొన్ని ఫొటోలు, 40 దాకా ఆడియో క్యాసెట్లు, ఐదారు స్పూలు టేపులు (క్యాసెట్ పెట్టె లేకుండా చుట్టలుగా ఉండే పాత టేపులు) ఉన్నాయి. క్యాసెట్లలో చాలావరకు తిరునాళ్ళలోనూ శ్రీరామనవమి పందిళ్ళలోనూ మా పెదనాన్నగారు వేదిక పక్కన టేప్‌రికార్డరు పెట్టి రికార్డు చేసినవి. కొన్నింటిపై తెల్లటి బూజు కనిపిస్తోంది. నోటుపుస్తకాల అంచులు ముట్టుకుంటే పొడిగా రాలుతున్నాయి.

నాకు మూడు సందేహాలున్నాయి. పక్క ఊళ్ళోని స్టూడియోవారు అన్నింటినీ ఎంపీ3లుగా మార్చి పెన్‌డ్రైవులో ఇస్తామంటున్నారు, అంతటితో సరిపోతుందా? ఈ పెట్టెను ఏదైనా సంస్థకు ఇవ్వాలంటే ఎవరికి, ఏ షరతులతో ఇవ్వాలి? ఇస్తే బీరువాలో పడి మళ్ళీ ఎవరికీ కనిపించవని మా బాబాయిగారి భయం, అది కొట్టిపారేయదగినదిగా నాకు అనిపించడం లేదు. చివరిది, మా తమ్ముళ్ళు వెంటనే యూట్యూబులో పెడదామంటున్నారు. తాతగారి వంతల్లో, అంటే కథకునికి పక్కన నిలబడి వంతపాడే ఇద్దరిలో, ఒకరు ఇంకా జీవించే ఉన్నారు. ఆయనను అడగకుండా అలా పెట్టవచ్చా?

జవాబు (ఆకాశవాణిలో పనిచేసి విరమణ పొందిన సౌండ్ ఇంజనీరు, విజయవాడ)

అయ్యా, ముందుగా ఒక విన్నపం. బూజు పట్టిన క్యాసెట్లను ఏ టేప్‌రికార్డరులోనూ పెట్టి ఆడించి చూడకండి. ఆ బూజు హెడ్డుకు, అంటే టేపును చదివే భాగానికి, అంటుకుని, తరువాత ఆడించే ప్రతి క్యాసెట్‌కూ పాకుతుంది, పీల్చినవారి ఊపిరితిత్తులకూ మంచిది కాదు. వాటిని ఒక్కొక్కటిగా కాగితపు కవర్లలో పెట్టి, మంచివాటికి దూరంగా, పొడిగా ఉండే గదిలో ఉంచండి. బిగుతైన పాలిథీన్ సంచిలో కడితే లోపలి తేమ అక్కడే నిలిచి బూజు పెరుగుతుంది. వాటిని శుభ్రం చేసే పని తెలిసినవారికే వదిలిపెట్టండి. మంచి క్యాసెట్ల వెనుక అంచున ఉండే రెండు చిన్న ప్లాస్టిక్ పలకలను ఇప్పుడే విరిచేయండి, అప్పుడు పొరపాటున రికార్డు బటన్ నొక్కినా పాతది చెరిగిపోదు.

స్పూలు టేపుల సంగతి వేరు. చుట్టను పక్కవైపు నుంచి వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి. వెలుగు లోపలినుంచి కనిపిస్తే అది ఎసిటేటు టేపు, కనిపించకపోతే పాలియెస్టరు అనుకోవచ్చు. ఎసిటేటు టేపునుంచి వెనిగర్ వంటి పుల్లటి వాసన వస్తుంటే అది శిథిలం కావడం మొదలైందని అర్థం, ఆ వాయువు పక్కనున్న టేపులనూ పాడుచేస్తుంది కనుక వేరుగా ఉంచి ముందుగా దాన్నే కాపీ చేయించాలి. 1970, 80లలో వచ్చిన కొన్ని పాలియెస్టరు టేపుల్లో అయస్కాంతపు పొడిని పట్టి ఉంచే జిగురు తేమ పీల్చుకుని, ఆడిస్తే హెడ్డుమీద గోధుమరంగు మడ్డిగా దిగుతుంది. ప్రయోగశాలల్లో వాటిని 50 డిగ్రీల పైచిలుకు వేడిలో గంటల తరబడి ఉంచి, తాత్కాలికంగా బాగుచేసి కాపీ తీస్తారు. ఇంటర్నెట్టులో చూసి ఇంట్లో ఓవెనులో పెట్టేవారు ఉన్నారు గనుక చెబుతున్నాను: ఎసిటేటు టేపును అలా వేడి చేస్తే ఇక దక్కదు.

ఇక ఎంపీ3 విషయం. వినడానికీ పంచుకోవడానికీ అది చాలును గాని భద్రపరిచే మూలప్రతిగా పనికిరాదు, ఎందుకంటే ఫైలు చిన్నదిగా చేయడంకోసం అది ధ్వనిలో కొంత భాగాన్ని శాశ్వతంగా తీసివేస్తుంది. అంతర్జాతీయ ధ్వని ఆర్కైవుల సంఘం ఐఏఎస్ఏ మార్గదర్శకాల ప్రకారం కనీసం 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ వేవ్ ఫైలుగా (ధ్వనిని కుదించకుండా ఉంచే ఫైలు) తీయాలి, 96 కిలోహెర్ట్జ్ అయితే మరీ మంచిది. 96 దగ్గర స్టీరియోలో గంటకు సుమారు 2 జీబీ అవుతుంది. మీ 40 క్యాసెట్లూ 90 నిమిషాలవే అనుకున్నా సుమారు 120 జీబీయే అవుతుంది, ఈ రోజుల్లో అదొక భారం కాదు. మూడు కాపీలు చేసి, అందులో ఒకటి వేరే ఊళ్ళో, బంధువుల ఇంట్లోనైనా ఉంచండి.

స్టూడియోవారిని రెండు ప్రశ్నలు అడగండి. ఏ డెక్కుమీద, అంటే ఏ టేపు యంత్రంమీద, ఆడిస్తారు? ప్రతి క్యాసెట్‌కూ హెడ్డు కోణం, అంటే అజిమత్, సరిచేస్తారా? మీ పెదనాన్నగారి టేప్‌రికార్డరు హెడ్డు ఏ కోణంలో ఉండి రికార్డు చేసిందో, ఆడించే హెడ్డు అదే కోణంలో లేకపోతే తంబుర తీగ మోత, అందెల గలగల మూగబోతాయి, ఆ తరువాత ఎంత ఖరీదైన సాఫ్ట్‌వేరు వాడినా అవి పూర్తిగా తిరిగిరావు. యూఎస్‌బీ తీగతో వచ్చే చవక యంత్రాలు వాడుతుంటే మరొక చోటు వెతకండి. మూలప్రతిలో రొద తగ్గించవద్దని రాతపూర్వకంగా చెప్పండి. జనం నవ్వులూ మైకు కూతలూ అన్నీ ఉండనివ్వండి.

ఆలస్యం మాత్రం చేయకండి. టేపులకంటే ముందు వాటిని ఆడించే యంత్రాలూ, వాటిని బాగుచేయగల మనుషులూ కనుమరుగవుతున్నారని యునెస్కో, ఐఏఎస్ఏ కలిసి 2019లోనే హెచ్చరించాయి. నాతో పనిచేసిన మెకానిక్కుల్లో ఇప్పుడు డెక్కు విప్పగలిగినవారు ఇద్దరు ముగ్గురే ఉన్నారు.

జవాబు (ఆర్కైవు ఉద్యోగిని, హైదరాబాదు)

ఇంజనీరుగారు టేపుల గురించి చెప్పినదానికి నేను చేర్చేదేమీ లేదు. కాగితాల గురించి చెబుతాను.

పెట్టెను తెరిచి రకాలవారీగా సర్దాలన్న కోరిక అందరికీ కలుగుతుంది, దయచేసి ఆగండి. ఒక ఉత్తరం ఏ నోటుపుస్తకం మధ్యలో ఉందో, ఏ కరపత్రాలు ఏ క్యాసెట్టుతో కలిపి కట్టి ఉన్నాయో అదీ ఒక సమాచారమే. ముందు ఉన్నది ఉన్నట్టుగా పొరపొరకూ ఫొటోలు తీసి, మెత్తటి పెన్సిలుతో వరుస సంఖ్యలు వేసి, ఆ తరువాతే కదిలించండి. తుప్పుపట్టిన పిన్నులూ క్లిప్పులూ జాగ్రత్తగా తీసివేయండి. చిరిగినచోట సెల్లోటేపు వేయకండి, కొన్నేళ్ళకు దాని జిగురు పసుపురంగు మరకగా కాగితంలోకి ఇంకిపోతుంది. అన్నిటికంటే ముఖ్యంగా లామినేషను జోలికి వెళ్ళకండి. కాగితం గట్టిపడిందన్న భ్రమ తప్ప, పాత కాగితంలో ఉండే ఆమ్లం దాన్ని లోపల తినేస్తూనే ఉంటుంది, పైగా ప్లాస్టిక్కును మళ్ళీ ఊడదీయడం దాదాపు అసాధ్యం. రాలిపోతున్న పుటలను ఒక్కొక్కటిగా ఆమ్లరహిత కాగితపు ఫోల్డర్లలో పెట్టి, అటకమీదా నేలమీదా కాకుండా గోడకు ఎడంగా నిలిపిన ఇనుప బీరువాలో ఉంచండి. డెల్టాలో వానాకాలపు తేమ మీకు తెలియనిది కాదు. నోటుపుస్తకాలను స్కానరుమీద బోర్లించి అదమకుండా, పైనుంచి కెమెరాతో ఫొటో తీయించండి.

ఇప్పుడు నేను నిజంగా చెప్పదలచుకున్నది. ఈ పెట్టెలోని కాగితాలనూ టేపులనూ ఏ పరిస్థితిలోనూ విడదీయకండి. బుర్రకథలో కథకుడు రాసుకున్నది కథాభాగమే. ఒక వంత చెప్పే రాజకీయం, రెండో వంత చెప్పే హాస్యం చాలావరకు అప్పటికప్పుడు పుట్టేవి, అవి నోటుపుస్తకంలో ఉండవు, టేపులోనే ఉంటాయి. టేపుమీద తేదీ ఉండదు, ఉత్తరంలో ఉంటుంది. ఏ ఊరివారు ఎంత సంభావనకు పిలిచారో ఉత్తరం చెబుతుంది, ఆ రాత్రి ఆ ఊరి కరణంమీద వంత వేసిన ఛలోక్తి టేపు చెబుతుంది. తేదీ తెలియని క్యాసెట్టును కూడా రాజకీయం వంత మాటలనుబట్టి, అంటే ఏ ఎన్నికలు, ఏ ముఖ్యమంత్రి, బియ్యం ధర ఎంత అన్నదాన్నిబట్టి, ఏడాది అటూఇటుగా గుర్తించవచ్చు. 1940లలో కమ్యూనిస్టు ఉద్యమ కళాసంస్థ అయిన ప్రజానాట్యమండలి దళాలు, నాజర్ వంటి కథకులు ఈ కళను రాజకీయ ప్రచారానికి ఎంత పదునుగా వాడారో, ప్రభుత్వం నిషేధించేదాకా ఎందుకు వెళ్ళిందో, అచ్చయిన కథలు చదివితే సగమే తెలుస్తుంది. మిగతా సగం వంతల నోట ఉండేది, ఆ రోజుల్లో దాన్ని రికార్డు చేసినవారు అరుదు. మీ దగ్గర ఒక తరం తరువాతిదైనా ఆ సగం ఉంది.

కనుక కాగితాలొకచోట, టేపులొకచోట ఇచ్చే ఏ ప్రతిపాదననూ అంగీకరించకండి. తెలుగు విశ్వవిద్యాలయానికి వరంగల్లులో జానపద గిరిజన విజ్ఞాన పీఠం ఉంది. ఇప్పుడు గురుగ్రామ్‌లో ఉన్న, అమెరికన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియన్ స్టడీస్ వారు 1982లో నెలకొల్పిన ఆర్కైవ్స్ అండ్ రీసెర్చ్ సెంటర్ ఫర్ ఎత్నోమ్యూజికాలజీ ప్రధానంగా ఇటువంటి రికార్డింగులకోసమే ఉంది, అక్కడ సేకరణను ఒప్పందంమీద ఉంచుతారు, కాపీలు ఇవ్వడం వంటి విషయాల్లో ఇచ్చినవారి షరతులకు విలువ ఉంటుంది. రెండుచోట్లా మాట్లాడి, కాగితాలనుకూడా కలిపి తీసుకుంటారా అని మొదటే అడగండి.

మీ బాబాయిగారి భయానికి మందు ఒప్పంద పత్రమే. ఎన్ని నెలల్లో జాబితా తయారుచేస్తారు, కుటుంబానికి పూర్తి నాణ్యతగల డిజిటల్ ప్రతి ఎప్పుడిస్తారు, ఎవరు వచ్చి అడిగినా సంస్థలో కూర్చుని వినడానికి వీలుంటుందా, సంస్థ మూతపడితే సేకరణ ఎవరికి చేరుతుంది అన్నవి అందులో ఉండాలి. వీటికి జవాబివ్వలేనివారికి, వారెంత పెద్దవారైనా, ఇవ్వకపోవడమే మంచిది. కుటుంబంవారు నోటిమాటమీద ఇచ్చిన ఒక హరికథకుని సేకరణ కనీసం రసీదైనా లేకుండా మాయమైన సందర్భం నేను ఎరుగుదును.

జవాబు (జానపద పరిశోధకురాలు, వరంగల్లు)

పైవారు చెప్పినవన్నీ సరైనవే. నేను యూట్యూబు ప్రశ్నకు వస్తాను.

మీ పెదనాన్నగారు చేసిన రికార్డింగుమీద హక్కు వారిది, వారి తరువాత వారి వారసులది. ఆకాశవాణి ప్రసారాన్ని రేడియోనుంచి ఎక్కించుకున్న క్యాసెట్లు ఉంటే అవి మీ ఇంట్లో ఉన్నంతమాత్రాన ప్రచురించే హక్కు మీకు రాదు. ఇవికాక ప్రదర్శకుని హక్కు ఒకటుంది. కాపీరైటు చట్టంలో 1994 సవరణతో ఇది వచ్చింది, ఇప్పుడు ప్రదర్శన జరిగిన మరుసటి సంవత్సరంనుంచి 50 ఏళ్ళు ఉంటుంది. ప్రదర్శకులంటే మీ తాతగారు ఒక్కరే కాదు, ఇద్దరు వంతలూ ప్రదర్శకులే. సవరణకు ముందు చేసిన రికార్డింగులకు ఇది ఎంతవరకు వర్తిస్తుందన్నది న్యాయవాదిని అడగదగిన విషయం. చట్టం ఏం చెప్పినా, బతికి ఉన్న వంతగారి అనుమతి తీసుకోవడం మర్యాద. ఆయన ఆ రోజుల్లో ఎవరో పెద్దమనిషిమీద వేసిన హాస్యం ఇప్పుడు ఆయన మనుమలకు ఇబ్బంది కలిగించవచ్చు. ఆయన వద్దన్న భాగాన్ని చెరిపివేయనవసరం లేదు, ఇన్నేళ్ళవరకు వినిపించరాదని గుర్తుపెట్టి ఉంచితే చాలును.

ఆయన దగ్గరకు అనుమతి పత్రంతో వెళ్ళడంకంటే ముందు క్యాసెట్లతో వెళ్ళండి. కాపీ తీసినవాటిని ఆయనకు వినిపించి, ఏ ఊరు, పక్కన ఎవరున్నారు, ఈ మాటకు జనం ఎందుకు నవ్వారు అని అడిగి, ఆ సంభాషణనుకూడా రికార్డు చేయండి. పల్నాటి వీరుల కథను 1970లలో రికార్డు చేసిన అమెరికా పరిశోధకుడు జీన్ రోఘైర్, పాడిన అలిసెట్టి గాలెయ్య పేరును గ్రంథంలో నమోదు చేశాడు కాబట్టే ఆ కథ ఎవరి నోట విన్నదో ఈ రోజు మనకు తెలుసు. పేర్లు లేకుండా ‘జానపద గాయకులు’ అని మాత్రమే రాసి ఉన్న టేపులు మన సంస్థల్లో ఎన్నో ఉన్నాయి, నాకు వాటిని చూస్తే కోపమే వస్తుంది.

ప్రసంగవశాత్తు ఒక మాట. ప్రతి సంప్రదాయమూ దాచుకోమని చెప్పదు. కథ చెబుతూ చూపే బొమ్మల గుడ్డ అయిన చేర్యాల పటం జీర్ణించాక నదిలో నిమజ్జనం చేసే ఆచారం ఉండేది, తోలుబొమ్మల విషయంలోనూ అంతే. కనుక కళాకారుల కుటుంబాల్లో ఎవరైనా ‘ఇది దాచకూడదు’ అంటే అది అజ్ఞానమని కొట్టివేయకూడదు. బుర్రకథకు అటువంటి నిషేధమేదీ లేదు కాబట్టి మీకు ఆ చిక్కు లేదు.

అందుబాటు గురించి కూడా ఆలోచించండి. మానవశాస్త్రజ్ఞుడు హైమెండార్ఫ్ 1940లలో ఆదిలాబాద్ గోండుల మధ్యా, నల్లమల చెంచుల మధ్యా తీసిన ఫొటోలు, ఆయన కాగితాలు లండనులోని సోయస్ విశ్వవిద్యాలయంలో ఉన్నాయి. ఆ ఫొటోలు ఇంటర్నెట్టులోకి వచ్చేవరకు ఆ ఊళ్ళవారు తమ తాతముత్తాతల ముఖాలు చూసే అవకాశం అరుదుగానే ఉండేది. అమెరికాలో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌వారు 1979లో మొదలుపెట్టిన ఫెడరల్ సిలిండర్ ప్రాజెక్టు, అక్కడి ఆదివాసుల పాటల పాత మైనపు సిలిండర్లనుంచి కాపీలు తీసి ఆయా తెగలవారికే తిరిగి ఇచ్చింది. మీరూ ఒక ప్రతిని తెనాలిలోనే, వంతగారి ఇంట్లోనూ ఒక ప్రతిని ఉంచండి.

ప్రశ్న అడిగినవారు

మీ అందరికీ కృతజ్ఞతలు. స్టూడియోవారికి అజిమత్ సంగతి తెలియదు, కనుక వారికి ఇవ్వడం లేదు. ఇంకొక సందేహం. ఒక గ్రంథాలయంవారు నోటుపుస్తకాలను ఉచితంగా డిజిటైజు చేస్తామని, టేపులు మాత్రం తమకు వద్దని అంటున్నారు. ఒప్పుకోవచ్చా? ఖర్చులకు ఎవరైనా సహాయం చేస్తారా?

జవాబు (ఆర్కైవు ఉద్యోగిని, హైదరాబాదు)

డిజిటైజు చేయడానికి ఒప్పుకోండి, మూలాలను అప్పగించడానికి ఒప్పుకోకండి. పని అయ్యాక పుస్తకాలు తిరిగి మీ పెట్టెలోకే రావాలి, స్కాను ఫైళ్ళు టిఫ్ రూపంలో (నాణ్యత తగ్గించకుండా ఉంచే బొమ్మ ఫైలు) మీకూ ఇవ్వాలి. మీరు వేసిన వరుస సంఖ్యలనే ఫైళ్ళ పేర్లుగా వాడమనండి, అప్పుడు ఏ క్యాసెట్టుకు ఏ నోటుపుస్తకమో జతచేయడం సులువవుతుంది.

ఖర్చు విషయానికి వస్తే, బ్రిటిష్ లైబ్రరీవారి ఎండేంజర్డ్ ఆర్కైవ్స్ ప్రోగ్రామ్ ప్రధానంగా మరింత పాత సామగ్రికి ఉద్దేశించినది. లాస్ ఏంజిలిస్‌లోని యూసీఎల్ఏ గ్రంథాలయంవారి మోడరన్ ఎండేంజర్డ్ ఆర్కైవ్స్ ప్రోగ్రామ్ 20, 21 శతాబ్దాల సేకరణలకు గ్రాంటులిస్తుంది. మూలాలు దేశం దాటనక్కరలేదు, డిజిటల్ ప్రతులు మాత్రం అందరికీ తెరిచి ఉంచాలని వారు ఆశిస్తారు గనుక వంతగారి అంగీకారం ముందే ఉండాలి. ఒక్క పెట్టెకోసం దరఖాస్తు చేస్తే చిన్నదిగా కనిపిస్తుంది. మీ తాతగారి ఉత్తరాల్లో ఇతర దళాల కథకుల పేర్లు తప్పక ఉంటాయి. ఆ కుటుంబాల దగ్గర ఏమున్నాయో విచారించి, నలుగురైదుగురు కలిసి ఒక విశ్వవిద్యాలయ శాఖ ద్వారా దరఖాస్తు చేస్తే బలంగా ఉంటుంది. బూజు పట్టిన క్యాసెట్లు మాత్రం గ్రాంటుకోసం ఆగలేవు, వాటిని తెలిసినవారిచేత శుభ్రం చేయించి ఈ వానాకాలంలోపే కాపీ చేయించండి.