అప్‌డేట్: ఎల్‌డీపీసీ డీకోడర్ దారికొచ్చింది

పర్లాకిమిడి నుంచి మళ్లీ నేనే. బీజగణితం అంతంతమాత్రం, రీడ్-సాలమన్ (బీజగణితం మీద నడిచే తప్పుదిద్దే కోడ్) జోలికి పోకుండా నేరుగా ఎల్‌డీపీసీ కోడ్లు (దారిలో పోయిన బిట్లను తిరిగి రాబట్టే మరో రకం కోడ్లు) నేర్చుకోవచ్చా అని నెల కిందట ఇక్కడ అడిగాను. ముందు ఎరేజర్ ఛానల్, అంటే బిట్లు మారవు కానీ కొన్ని మాయమవుతాయి అనుకునే నమూనా, పట్టుకోమన్నారు. పట్టుకున్నాను.

గుణుపురం రైల్లో ఉండగా అమ్మ ఫోన్ చేస్తే మాటలు మధ్యమధ్యలో ఎగిరిపోతాయి. మిగిలిన ముక్కల్ని బట్టి పూరించుకుంటాం. డీకోడర్ చేసేదీ అదే. ఒక పారిటీ సమీకరణంలో (కొన్ని బిట్లలో 1ల సంఖ్య సరి కావాలనే షరతు) ఒక్క బిట్టే పోతే, మిగతావాటిని ఎక్సార్ చేస్తే (1లు బేసి అయితే 1, సరి అయితే 0) అది దొరుకుతుంది. అది దొరికాక పక్క సమీకరణం ముడి వీడుతుంది.

మొదట 60 బిట్ల కోడ్ రాశాను. 35 శాతం బిట్లు పోతేనే ఇరుక్కుపోయేది. రెండు రాత్రులు ప్రోగ్రామ్‌లో తప్పు వెతికాను. తప్పే లేదు! కోడ్ పొడవు చాలక, బిట్లనూ సమీకరణాలనూ కలిపే గ్రాఫ్‌లో అన్నీ పొట్టి వలయాలే. 10,000 బిట్లకు పెంచితే 40 శాతం పోయినా నిండింది, 45 దగ్గర ఆగింది. ఈ (3,6) కోడ్‌కి (ఒక్కో బిట్ 3 సమీకరణాల్లో, ఒక్కో సమీకరణంలో 6 బిట్లు) లెక్క చెప్పే హద్దు సుమారు 42.9 శాతం, సగం బిట్లే సమాచారమైన ఏ కోడూ దాటలేని షానన్ హద్దు 50. సరిగ్గా కుదిరింది కదండీ!

ఈ కోడ్లను కనిపెట్టిన గాలగర్ 1960ల్లో చెప్పింది ఇప్పుడు 5జీ డేటాలో ఉందంటే ముచ్చటేసింది. బిట్లు మాయమవకుండా సిగ్నల్ విలువలే చెదిరే గాసియన్ నాయిస్ మాత్రం ఇంకా ముట్టుకోలేదు, దసరా సెలవుల్లో చూడాలి.