ఈ వారం సమస్య: పుచ్చకాయ పగిలె బుర్ర నవ్వె

నిర్వాహకుడు
మే నెలలో మా మనవడి పుట్టినరోజు. పిల్లలంతా రెండు రోజుల ముందే హాల్లో చేరి పళ్ల టోపీలు మొదలుపెట్టారు. ఎక్కడ చూసినా చార్టు ముక్కలు, మైదా జిగురు. తీరా పార్టీ వేళకు ఒకడి పుచ్చకాయ టోపీ నెత్తి మీదే చిరిగింది. ఏడుస్తాడనుకుంటే పకపకా నవ్వాడు. ఈ పాదం అక్కడ దొరికింది.

ఇది ఆటవెలది పద్యానికి నాలుగో పాదం, ఐదూ సూర్యగణాలు (రెండు మూడు అక్షరాల చిన్న గణాలు), పు–బు యతి (పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో పొత్తు). పై మూడు పాదాలు మీవి, అదే పూరణ. పుచ్చకాయ ఎందుకు పగిలిందో, బుర్ర ఎందుకు నవ్విందో రెండూ తేలాలి, టోపీ ఉండాలి. నిజంగా తలలు పగలగొట్టే పూరణలు వద్దు, ఇంట్లో పిల్లలకు చదివి వినిపిస్తాను.

తాటిముంజ
బూర నూది జిగురు పూసి కాగితములు
చుట్టు నంటబెట్టి చూరు కింద
రెండు దినము లార రేకులా బిగిసెను
పుచ్చకాయ పగిలె బుర్ర నవ్వె

నిర్వాహకుడు
యతులన్నీ కుదిరాయి. 'చూరు కింద' అన్న మాట చేసినవాళ్లకే తోస్తుంది. ఎండలో పెడితే బూర (బెలూన్) వేడికి ఉబ్బి, కాగితం ఆరకముందే పేలుతుంది. మావాళ్లకు అదే జరిగింది. న్యూస్‌పేపర్ ముక్కలు మూడు పొరలు వేస్తేనే ఆ రేకు బిగువు వస్తుంది. బూరను కూడా పిల్లవాడి తలకు సరిపడా ఊదాలి. ఆరేళ్లవాడి తల చుట్టుకొలత 50 సెంటీమీటర్ల పైనే ఉంటుంది. చిన్నగా ఊదితే టోపీ నడినెత్తిన గిన్నెలా కూర్చుంటుంది.

కానీ తాటిముంజ గారూ, మూడో పాదంలో రేకులా బిగిసినది నాలుగో పాదంలో ఎందుకు పగిలింది? తయారీ చెప్పారు, సమస్య అలాగే ఉండిపోయింది.

గోంగూర కట్ట
మా దిక్కు బూరను బుగ్గ అంటాం. 'బుగ్గ నూది జిగురు పూసి' అని చదువుకున్నాను. యతి పోలేదు కదా?

నిర్వాహకుడు
పోలేదండీ. బు–పూ, అదీ చెల్లుతుంది. గణమూ మారలేదు.

తాటిముంజ
నిజమే, పగలగొట్టడం మరిచాను. మూడో పాదం ఇలా మారుస్తున్నాను:
గట్టిపడిన పిదప కత్తెరతో గోయ

ఒక కాయ రెండు చెక్కలు, రెండు బుర్రలకు రెండు టోపీలు.

నిర్వాహకుడు
ఇప్పుడు పూరణ అయింది. కోసిన అంచుకు టేపు వేయమని మాత్రం పిల్లలకు చెప్పండి. ఎండిన మైదా అంచు నుదుటి మీద గీసుకుంటుంది. లాస్టిక్ దారానికి కొట్టిన స్టేప్లర్ పిన్నుల మీదా అంతే.

కొత్త బాణీ
మొదటిసారి రాస్తున్నాను, టెన్షన్‌గా ఉంది. తప్పులుంటే చెప్పండి.

అనాసపండు చేసి యాకులు గుచ్చిరి
పసుపు చార్టు మీద బ్రౌను గళ్లు
ముళ్లపండు గుద్దె ముందు నడచువాని
పుచ్చకాయ పగిలె బుర్ర నవ్వె

నిర్వాహకుడు
మూడో పాదం నుంచి నాలుగో పాదంలోకి జారిన తీరు చాలా బాగుంది. 'ముందు నడచువాని పుచ్చకాయ' అనేసరికి టోపీల ఊరేగింపు మొత్తం కనిపించింది. రెండో పాదంలో ప–బ్రౌ యతి కూడా సరైనదే, అకారానికి ఔకారం చెల్లుతుంది. బ్రౌను లాంటి మాట పద్యంలో ఇంత దర్జాగా కూర్చోవడం నేను చూడలేదు.

తప్పు మొదటి పాదంలో ఒక్కచోటే. 'అనాస' అంటే లఘువు (పొట్టి అక్షరం), గురువు (పొడుగు అక్షరం), లఘువు. లగంతో, అంటే లఘువు వెంట గురువుతో, మొదలయ్యే సూర్యగణం లేదు. పోనీ పైనాపిల్ అందామా అంటే వరసగా మూడు గురువులు, అదీ అక్కడ ఇమడదు. పండు పేరు వదిలేసి దాని రూపం చెబితే సరి:
కోను చుట్టి కొనకు గుచ్చెను పచ్చాకు

పసుపు, గళ్లు, ముళ్లు మీరే చెప్పారు. ఇక పేరెందుకు?

పెరటి జామ
కాగితం పని నాకు చేతకాదు. మా ఇంట్లో జరిగినదే రాశాను.

గుజ్జు తిన్న పిదప గుల్ల నెత్తిన బెట్టె
బట్టతలకు తాత పచ్చటోపి
మనుమరాలు వచ్చి మద్దెలవలె దట్ట
పుచ్చకాయ పగిలె బుర్ర నవ్వె

గోంగూర కట్ట
ఇంక నేను రాయను. అయిపోయింది!

నిర్వాహకుడు
నాకూ ఇదే నచ్చింది. బట్టతల నవ్వడమంటే నోటితో నవ్వినట్టూ ఉంది, డొప్ప జారగానే తళుక్కుమన్నట్టూ ఉంది. 'బుర్ర నవ్వె'కు ఇంత సుఖమైన దారి నాకు తోచలేదు. అన్నిటికంటే 'మద్దెల'. బండి దగ్గర కాయ పండిందో లేదో మనం తట్టి చూసేదీ అలాగేగా? ఆ పిల్ల తాత తల పండిందో లేదో చూసింది!

ఒక చిన్న అనుమానం. తెల్లకండ వేలు మందాన ఉంటే తట్టినంత మాత్రాన పగలదు. బాగా గీకేసి ఉంటారు.

తాటిముంజ
చీమలు పట్టలేదా అండీ?

పెరటి జామ
పట్టాయి. కడిగి, గుడ్డతో తుడిచి పెట్టుకున్నా మెడ మీదికి తీపి నీళ్లు కారాయి. గీకింది మా ఆవిడ, ఎర్రదనం పోయేదాకా గీకింది.

పద్యం మనవరాలికి చదివి వినిపించాను. మద్దెల అంటే ఏమిటి తాతయ్యా అంది. మిగిలిన రెండో డొప్ప పెట్టుకుని కూర్చున్నాను. తెలిసిపోయింది దానికి. ఇంకో కాయ కొనాలి.