కచేరీలో వయొలిన్ కమాను వణుకుతోంది, కాలం పరుగెడుతోంది. ఏం చెయ్యాలి?

ప్రశ్న: ఫిడేలు_విద్యార్థి

వచ్చే నెల చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో ఒక గాత్ర కచేరీకి వయొలిన్ పక్కవాద్యం వాయించాలి. గంట నిడివి, సాయంత్రం 6కి మొదలు. ఇంట్లో బాగానే పలుకుతుంది. వేదికెక్కితే మూడు ఇబ్బందులు: విలంబంలో (మెల్లని వేగంలో) స్వరం నిలిపినప్పుడు కమాను తీగ మీద దడదడలాడుతుంది. స్వరకల్పనలో గాయకురాలు అప్పటికప్పుడు అల్లి పాడే స్వరాలకి నేను బదులు వాయించాలి, కానీ విన్న మరుక్షణమే మర్చిపోతాను. నా వంతు వచ్చేసరికి కాలం, అంటే వాయించే వేగం, పెరుగుతుంది. "భయపడకు" అనేవాళ్ళు చాలామంది ఉన్నారు, చేతులతో ఏం చెయ్యాలో చెప్పేవాళ్ళు కావాలి. వణుకు తగ్గడానికి మాత్రలు ఉంటాయంటున్నారు, వేసుకోవచ్చా?

జవాబు: కమాను_పట్టు

ముందు కమాను సంగతి. భయంలో అడ్రినలిన్ పెరిగి ముంజేతిలో ఎదురెదురుగా పనిచేసే కండరాలు ఒకేసారి బిగుసుకుంటాయి. బొటనవేలు నిటారుగా గట్టిపడుతుంది, చిటికెనవేలు కర్రని నొక్కేస్తుంది. ఆ వణుకు కమాను మధ్యలో ఎక్కువ బయటపడుతుంది, కర్రకి ఎగిరే గుణం అక్కడ ఎక్కువ కాబట్టి. తప్పు వినపడకూడదని చాలామంది బరువు తీసేసి మెల్లగా లాగుతారు. దాంతో వణుకు ఇంకా పెరుగుతుంది.

కాబట్టి బరువు కాస్త పెంచండి, బ్రిడ్జికి (తీగల్ని మోసే చెక్కకి) కొంచెం దగ్గరగా జరగండి. మొదటి పది నిమిషాలు పొడుగు స్వరాన్ని ఒకే కమానులో నిలపాలన్న పట్టుదల వదిలెయ్యండి. రెండుగా విరిచి లాగితే వినేవాళ్ళకి లోటేమీ అనిపించదు. కమానుని గాలిలోంచి దించొద్దు. ముందు తీగ మీద ఆనించి, బొటనవేలు వంగి ఉందో లేదో చూసుకుని, ఊపిరి పూర్తిగా వదిలి, అప్పుడు లాగండి.

దీనికి సాధన వేరే ఉంది. మూడంతస్తుల మెట్లు వేగంగా ఎక్కి దిగి, గుండె కొట్టుకుంటుండగానే కూర్చుని రెండు నిమిషాలు విలంబ ఆలాపన వాయించండి. రోజుకి ఒక్కసారి చాలు. సాధనంతా ప్రశాంతమైన గదిలో చేసి, దడతో వాయించడం మొదటిసారి వేదిక మీదే జరిగితే చెయ్యి తడబడక ఏం చేస్తుంది? భయం పోయాక వాయిద్దామని ఎదురుచూడకండి, భయం ఉండగానే చెయ్యి పనిచేసేలా తయారుచెయ్యాలి.

చెమట పట్టే చేతులైతే పక్కనే నూలు గుడ్డ ఉంచుకోండి. ఎడమచేతికి పౌడర్ చిటికెడు చాలు. కమాను వెంట్రుకలని మాత్రం వేలితో ముట్టుకోవద్దు, జిడ్డు అంటితే తీగని పట్టుకోకుండా జారుతుంది.

జవాబు: సర్వలఘు

కాలం గురించి మృదంగం వైపు నుంచి రెండు మాటలు. గుండె వేగంగా కొట్టుకుంటున్నప్పుడు సరైన కాలం కూడా మందకొడిగా అనిపిస్తుంది. అందుకే మీకు తెలియకుండానే తోసేస్తారు. ఆ సమయంలో మీ లోపలి లెక్కని నమ్మకండి, గాయకురాలి చేతి తాళం చూడండి. మృదంగం కుడివైపు నాదం వినపడకపోతే మొదటి కీర్తనకి ముందే మానిటర్‌లో (వేదిక మీద మీకు వినిపించే స్పీకర్‌లో) పెంచమని మైకు అతన్ని అడగండి. మొహమాటపడి ఊరుకుంటే గంటసేపూ ఊహతో వాయించాల్సి వస్తుంది, కాలం పరుగెత్తడానికి సగం కారణం అదే.

వర్ణం (కచేరీ మొదట్లో పాడే రచన) మీతో కలిసి ఎత్తుకుంటే, ముందు మనసులో చిట్టస్వరంలో (అందులో స్వరాలే వచ్చే భాగంలో) ఇరుకైన చోటు ఒకటి అనుకోండి. అది స్పష్టంగా పలికే వేగమే పల్లవికీ.

జవాబు: ఎత్తుగడ

స్వరకల్పనలో మొత్తం గుర్తుపెట్టుకోవాలని చూస్తే మొత్తం పోతుంది. గాయకురాలు పాడుతుంటే రెండే పట్టుకోండి: చివరి పదం ఏ స్వరం మీద ఆగింది, ఎత్తుగడ (కీర్తన పాదాన్ని మళ్ళీ అందుకునే చోటు) తాళంలో ఎక్కడ పడింది. మధ్యలోది ఆ రాగంలోనే మీ సొంతంగా నింపండి. పక్కవాద్యం అంటే అచ్చు దింపడం కాదు.

ఇంట్లో ఎవరిచేతైనా ఒక ఆవర్తనం (తాళం ఒక చుట్టు) పాడించుకుని, మొదటి వారం ఆ ముగింపు స్వరం, ఎత్తుగడ మాత్రమే వాయించండి. తర్వాత పావు ఆవర్తనం, ఆ తర్వాత సగం. ఒకవేళ వేదిక మీద ఖాళీ అయిపోతే కమాను ఎత్తొద్దు, షడ్జం (స) మీద సన్నగా నిలిపి ఎత్తుగడ దగ్గర కలవండి. ఎత్తుగడ తప్పితేనే సభకి తెలుస్తుంది.

కీర్తనల విషయంలో మరో మాట. ఎప్పుడూ పల్లవి నుంచే సాధన చేస్తే, చరణం మధ్యలో తప్పినప్పుడు చేతికి మళ్ళీ దారి దొరకదు. అనుపల్లవి, చరణం, చిట్టస్వరం మధ్య, ఇలా ఎక్కడి నుంచైనా ఎత్తుకోగలగాలి.

ఫిడేలు_విద్యార్థి

అందరికీ ధన్యవాదాలండి. మరి మాత్ర సంగతి? ఆ రోజు తిండి, ప్రయాణం గురించి కూడా చెప్పండి.

జవాబు: వీణ_వైద్యం

మీరు విన్నది ప్రొప్రనొలాల్ అయి ఉంటుంది. అది గుండెదడనీ చేతి వణుకునీ తగ్గిస్తుంది, మనసులోని ఆందోళనని అంతగా తగ్గించదు. ఉబ్బసం ఉన్నవాళ్ళకి ప్రమాదం, ఊపిరితిత్తుల్లో గాలి గొట్టాలు బిగుసుకుంటాయి. మధుమేహానికి మందులు వాడేవాళ్ళలో షుగర్ పడిపోతున్న సూచన అయిన దడని కప్పేస్తుంది. బీపీ, నాడి తక్కువ ఉన్నవాళ్ళకీ పడదు. డాక్టర్ పరీక్షించి రాసిస్తే తప్ప వద్దు. రాసిచ్చినా మొదటిసారి కచేరీ రోజున వేసుకోకండి. స్నేహితుల దగ్గర తెచ్చుకున్న మాత్రకైతే నేను ఒప్పుకోను.

కెఫీన్ వణుకుని పెంచుతుంది, గంటల తరబడి ఒంట్లో ఉంటుంది. కాబట్టి మధ్యాహ్నం తర్వాత ఇరానీ చాయ్, కాఫీ మానండి. అలాగని రోజూ నాలుగు కప్పులు తాగే అలవాటుంటే ఆ ఒక్కరోజు పూర్తిగా మానొద్దు, తలనొప్పి వస్తుంది. ఉదయం కప్పు ఉంచుకోండి. 4 గంటలకి పెరుగన్నం కొద్దిగా, కావాలంటే అరటిపండు. ఖాళీ కడుపు కూడా వణికిస్తుంది.

బండి మీద రావద్దు. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ సాయంత్రం రద్దీలో క్లచ్చు, బ్రేకు పట్టీ పట్టీ ముంజేతులు అలిసిపోతాయి. మెట్రో గ్రీన్ లైన్‌లో చిక్కడపల్లి స్టేషన్‌లో దిగండి. 5కే చేరి, ఏసీ వేసి ఉంటే పెట్టె తెరిచి 15 నిమిషాలు హాల్లో ఉంచాక శ్రుతి చెయ్యండి. బయట చేసిన శ్రుతి లోపల కదులుతుంది, బిరడాలు (తీగలు బిగించే మేకులు) కూడా జారొచ్చు. వేదిక పక్కన కూర్చున్నప్పుడు 4 లెక్కపెడుతూ ఊపిరి పీల్చి, 6 లెక్కపెడుతూ వదలండి. ఐదు నిమిషాలు అలా చేసి, చేతులు చల్లగా ఉంటే రుద్దుకుని, అప్పుడు వయొలిన్ తియ్యండి.